నాలుగు మెట్లకు ఏడు మీటర్లు

పదవీ విరమణకు దగ్గరపడిన ఉద్యోగుల చేత అనుభవాలు వ్రాయించడం మన గృహపత్రికకు చిరకాలంగా ఉన్న ఆనవాయితీ. ఆ వరుసలో ఈసారి మా వంతు వచ్చింది. సంపాదకవర్గం వారు పంపిన లేఖలో "మీ ఉద్యోగ ప్రస్థానంలోని మధురస్మృతులు" అని ఉన్నది. మధురమైనవి లేకపోలేదు. కాని మమ్మల్ని ఎరిగినవారు మా నోట వినగోరేది వాటిని కాదు. "ర్యాంపు గారు" అనే బిరుదు మాకు ఎలా వచ్చిందో, కొలత టేపు జేబులో పెట్టుకొని తిరిగే అలవాటు ఎప్పటిదో చెప్పమంటారు. కావున ఆ సంగతులే విన్నవించుకుంటాము.

ముందుగా ఒక మనవి. ఈ వ్యాసంలో మా గురించి చెప్పుకునేటప్పుడు ఏకవచనం వాడలేదు. "పరిశీలించడమైనది", "సమర్పించడమైనది" అంటూ కర్త కనబడని వాక్యాలతో ముప్పై యేళ్లకు పైగా ఆఫీసు నోట్లు వ్రాసిన చేతికి అది అలవడలేదు. అంతకంటె ముఖ్యమైన కారణం మరొకటి ఉన్నది. ఇందులో చెప్పబోయే పనులలో ఏదీ ఒక్కరి వల్ల జరిగినది కాదు.

మాది తెనాలి ప్రాంతంలోని ఒక పల్లె. రెండవ యేట జ్వరం వచ్చి తగ్గింది. తగ్గేసరికి ఎడమకాలు చచ్చుబడింది. పోలియో అనే పేరు మా అమ్మగారికి తెలియదు. "జ్వరం కాలిని తిన్నది" అనేవారు. మా వీధిలోనే అటువంటి పిల్లలు మరి ఇద్దరుండేవారు కనుక అది వింతగా ఎవరికీ తోచలేదు. ఒక చంకకర్ర, ఇనుప పట్టీలు బిగించిన ఒక బూటు, వీటి సాయంతో బి.కాం. వరకు నడిచాము. కేంద్ర ప్రభుత్వం గ్రూప్ సి, డి ఉద్యోగాలలో వికలాంగులకు 3 శాతం ఖాళీలు ప్రత్యేకించినది 1977లో. ఆ ఉత్తర్వు పుణ్యమా అని 1990లో మాకు మన సంస్థ నుండి పిలుపు వచ్చింది. ఉద్యోగం గుమాస్తాది. పోస్టింగు అప్పటి కలకత్తాలో.

డల్హౌసీ స్క్వేరుకు కూతవేటు దూరంలో, తెల్లదొరల కాలపు భవనంలో మూడవ అంతస్తు మన కార్యాలయం. ఇంటి గుమ్మాలకు ఉండవలసిన ఎత్తు అక్కడి ఒక్కొక్క మెట్టుకు ఉండేది. జాలీ తలుపుల లిఫ్టు ఒకటి ఉండేది గాని, అది లిఫ్టుమాన్ గారి దయాదాక్షిణ్యాల మీద నడిచేది. ఆయన ఒంటిగంటకు భోజనానికి వెళితే రెండున్నరకు వచ్చేవారు. ఆలోగా మేము క్రిందికి దిగే మాట లేదు, కావున బల్ల దగ్గరే టిఫిను డబ్బా విప్పేవాళ్లము. లిఫ్టు చెడిపోయిన రోజున మా సెక్షన్ ప్యూను, అరవై దగ్గరపడిన బెంగాలీ పెద్దాయన, మా సంచి తాను అందుకొని ప్రతి మలుపులోనూ ఆగి, "తొందర లేదు బాబూ, ఈ ఫైళ్లు వందేళ్లుగా ఇక్కడే ఉన్నాయి, ఎక్కడికీ పోవు" అనేవారు. ఆయనను దాదా అని పిలిచేవాళ్లము. ఆయన పదవీ విరమణ చేసిన రోజున ఆఫీసంతా రసగుల్లాలు తిన్నది. ఆ మరునాడు మా సంచి మేమే మోసుకొని మూడంతస్తులు ఎక్కాము.

ఆ మెట్ల మీదనే మాకు ఒక విషయం స్పష్టపడింది. 1977 నాటి ఉత్తర్వు మాకు ఉద్యోగంలోకి తలుపు తెరిచింది గాని భవనంలోకి తెరవలేదు. నియామకపత్రం ఇచ్చిన అధికారులు మంచివారే. ఆ పత్రం పుచ్చుకున్న మనిషి రోజూ బల్ల దగ్గరకు ఎలా చేరతాడనే ప్రశ్న మాత్రం ఏ ఫైలులోనూ లేదు. ఎవరి పరిధిలోకీ రాని ప్రశ్నకు జవాబు వ్రాసే బాధ్యత ఎవరికుంటుంది? ప్రసంగవశాత్తు ఒక మాట. మన దేశంలో సహజ పోలియో చివరి కేసు 2011 జనవరిలో ఆ కలకత్తాకు నది అవతల ఉన్న హౌరా జిల్లాలోనే నమోదైంది. 2014 మార్చిలో మన ప్రాంతం పోలియోరహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. మా తరం కాళ్లతో ఆ కథ ముగియడం మాకు ఎంతో తృప్తినిచ్చిన వార్త.

1995 చివరలో పార్లమెంటు వికలాంగుల చట్టాన్ని ఆమోదించింది. 1996 ఫిబ్రవరి 7 నుండి అది అమలులోకి వచ్చింది. ఇరుగుపొరుగు దేశాలలోనూ అది కదలిక వచ్చిన కాలమే. పాకిస్తాన్‌లో 1981 నుండే ఉద్యోగాల కోటా ఆర్డినెన్సు ఉన్నది. శ్రీలంక 1996లోనే తన చట్టం చేసుకున్నది. అదే సంవత్సరం మాకు తెలుగునేల మీది మన కర్మాగారానికి బదిలీ అయింది. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో కూర్చోబెట్టారు. చట్టం ప్రతి ఒకటి సెక్షన్‌కు వచ్చింది. అది ఎవరికి సంబంధించినదో తెలియక, "మీకు సంబంధించినదిలా ఉన్నది" అని మా బల్ల మీద పెట్టిపోయారు. నవ్వుకుంటూనే చదివాము. ఆ చదువు మూడేళ్ల తర్వాత అక్కరకు వచ్చింది.

1999లో మెషిన్ షాపులోని ఒక సీనియర్ ఫిట్టర్ గారికి కంటిచూపు పోయింది. నీటికాసుల జబ్బు. చాటుగా వచ్చే జబ్బు అది. నొప్పి ఉండదు. ప్రక్కచూపు కొంచెం కొంచెంగా తరుగుతుంది. మనిషి గుర్తించేసరికి పోయినది పోయినట్లే, ఉన్నదానిని నిలబెట్టడం మాత్రమే వైద్యుల చేతిలో ఉంటుంది. ఆయన విషయంలో నిలబెట్టడానికీ పెద్దగా మిగలలేదు. వయస్సు 47. ఇంట్లో భార్య, కాలేజీకి వెళ్లే కూతురు, ఎనిమిదవ తరగతి చదివే కొడుకు. మెడికల్ బోర్డు "అన్ని సాంకేతిక విధులకూ అనర్హుడు" అని వ్రాసింది. పాత పద్ధతి ప్రకారం దాని తరువాతి కాగితం ఏమిటో సెక్షన్‌లో అందరికీ తెలుసు. టెర్మినేషన్ నోటు ముసాయిదా తయారైపోయింది. దానిలో కర్కశమైన మాట ఒక్కటీ లేదు. "సంస్థ ఆయన సేవలను కృతజ్ఞతతో స్మరించుకుంటున్నది" అని కూడా ఉన్నది. ఆ ముసాయిదా శుద్ధప్రతి కోసం మా బల్ల మీదకు వచ్చింది.

మేము శుద్ధప్రతి వ్రాయలేదు. దానికి బదులు చట్టంలోని 47వ సెక్షన్‌ను ఎత్తి వ్రాసి ఒక నోటు పెట్టాము. ఉద్యోగకాలంలో అంగవైకల్యం కలిగిన ఉద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. చేస్తున్న పనికి తగకపోతే అదే వేతన శ్రేణిలో మరొక పనికి మార్చాలి. అటువంటి పని ఏదీ దొరకకపోతే, దొరికేదాకా గాని పదవీ విరమణ వయస్సు వచ్చేదాకా గాని అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. ప్రభుత్వ కంపెనీలు కూడా ఆ సెక్షన్ పరిధిలోనివే. ఇందులో మా పాండిత్యం ఏమీ లేదు. అచ్చయి ఉన్నదానిని చూపించాము, అంతే. తరువాతి కాలంలో, 2003లో, కునాల్ సింగ్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం ఈ సెక్షన్‌ను ఉద్యోగి పక్షాన గట్టిగా నిలబెట్టింది. 1999లో మాత్రం దానిని కర్మాగారాలలో చూసినవారు తక్కువ.

జనరల్ మేనేజర్ గారు మమ్మల్ని పిలిపించారు. కోపంతో కాదు. "చట్టం మీరు చూపించారు, కాదనను. ఆయనకు నేను ఏ పని ఇవ్వాలి? కుర్చీలో కూర్చోబెట్టి జీతమిస్తే ఆ మనిషి ఆర్నెల్లలో కుంగిపోతాడు. అది మీ చట్టంలో ఉన్నదా?" అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదని మాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తున్నది. జీతం నిలబెట్టడం సగం పని. మనిషిని నిలబెట్టడం మిగిలిన సగం. వారం గడువు అడిగాము.

ఆ వారంలో మేమూ, యూనియన్ నుండి ఒకరూ, వైద్యశాల నర్సు గారూ కలిసి ఫిట్టర్ గారి ఇంటికి రెండుమార్లు వెళ్లాము. మొదటిసారి ఆయన మాట్లాడలేదు. గోడవైపు తిరిగి కూర్చున్నారు. రెండవసారి వెళ్లినప్పుడు, మా చంకకర్ర చప్పుడు వాకిట్లో వినగానే, "వచ్చింది మీరే గదండీ. కర్ర క్రింద రబ్బరు అరిగిపోయింది, మార్పించండి" అన్నారు. చెవి అంత చురుకైనది. మాతో వచ్చిన నర్సు గారు బయటికి వచ్చాక, "ఈయనను టెలిఫోను ఎక్స్‌చేంజిలో ఎందుకు వేయకూడదు?" అన్నారు. ఆ ఆలోచన ఆమెది. ఆమె పేరు ఫైలులో ఎక్కడా లేదు కనుక ఇక్కడైనా చెప్పుకోవాలి.

చూపులేని వారు టెలిఫోను ఆపరేటర్లుగా పనిచేయడం దేశంలో కొత్త కాదు. మన కర్మాగారంలోనే కొత్త. శిక్షణకు పంపాము. బ్రెయిలీ నేర్చుకోవడం 47 యేళ్ల వయస్సులో, అందులోనూ ఇరవై యేళ్లు ఆకురాయి పట్టి కాయలు కాచిన వేళ్లతో, ఎంత కష్టమో ఆయన చెబితే గాని మాకు తెలియలేదు. చుక్కలు ఆ చర్మానికి తగిలేవి కావట. రాత్రిళ్లు గోరువెచ్చని నీళ్లలో వేళ్లు నానబెట్టుకొని సాధన చేశారు. కర్మాగారం ఇంటర్‌కం నంబర్లన్నీ కంఠతా పట్టారు. మొదటి నెలలో కొందరు అధికారులు పరీక్షించడానికే ఫోను చేసేవారు. రెండవ నెలలో ఆ పరీక్షలు మానివేశారు. ఎవరు ఏ షిఫ్టులో ఉన్నారో, ఎవరు సెలవులో ఉన్నారో డైరెక్టరీ కంటె ఆయనకే ఎక్కువ తెలిసేది. 2012లో పూర్తి సర్వీసుతో విరమించారు. ఈలోగా కూతురి పెళ్లి చేశారు, కొడుకు ఇంజనీరయ్యాడు. ఆ శుద్ధప్రతి వ్రాసి ఉంటే ఇవేవీ ఆగిపోయేవని మేము అనము. ఎలా జరిగేవో మాత్రం ఊహించలేము.

ఇక బిరుదు సంగతి. 2001 జనవరిలో స్టీఫెన్ హాకింగ్ మహాశయుడు ఢిల్లీ వచ్చారు. ఆయన చక్రాల కుర్చీ కోసం కుతుబ్ మినార్, ఎర్రకోట, జంతర్ మంతర్, హుమాయూన్ సమాధి దగ్గర తాత్కాలికంగా కొయ్య వాలుదారులు వేశారు. దాని వెనుక జావేద్ ఆబిదీ గారి పట్టుదల ఉన్నది. 1995 నాటి చట్టం రావడానికి పోరాడినవారిలోనూ ఆయన ముందున్నారు. శతాబ్దాల నాటి కట్టడాలకు నాలుగు రోజులలో వేయగలిగినది మన కార్యాలయాలకు ఎందుకు వేయలేమని ఆ యేడు మేము ఒక నోటు పెట్టాము. అప్పటికి మేము ప్రాంతీయ కార్యాలయానికి వచ్చి ఉన్నాము. ఆశ్చర్యకరంగా నోటు మంజూరైంది. డిసెంబరు 3, అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం నాటికి సివిల్ విభాగం వారు ర్యాంపు కట్టించారు. రిబ్బను కత్తిరించారు. టీలు, సమోసాలు అయినాయి. ఫొటో ఈ పత్రికలోనే వచ్చింది.

పాఠకులు ఆ లెక్క ఒకసారి చూడండి. మన పోర్టికోకు 4 మెట్లు. ఒక్కొక్కటి 15 సెంటీమీటర్లు, మొత్తం ఎత్తు 60. కేంద్ర పబ్లిక్ వర్క్స్ శాఖ 1998లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం వాలు పన్నెండుకు ఒకటి మించరాదు. అంటే 60 సెంటీమీటర్ల ఎత్తుకు 7 మీటర్ల 20 సెంటీమీటర్ల పొడవు కావాలి. కట్టినది 2 మీటర్లు. అంతకు మించితే పెద్దల కార్లు ఆగే చోటు తగ్గుతుందట. ఆ వాలు మీద చక్రాల కుర్చీ ఎక్కించాలంటే ఇద్దరు నెట్టాలి, దించాలంటే దేవుడు పట్టుకోవాలి. ప్రారంభోత్సవం నాడు అందంగా ఉంటుందని ఇరువైపులా పెట్టిన పూలకుండీలు ఆ తరువాత మధ్యకు వచ్చాయి. కుండీలు లేని చోట క్యాంటీను కుర్రవాడు సైకిలు పెట్టుకున్నాడు.

అప్పుడు కొన్నాము కొలత టేపు. "ర్యాంపు ఉన్నది గదా" అన్నవారికి "ఉన్నది, నిచ్చెన కూడా ఉన్నది" అని జవాబిచ్చేవాళ్లము. పట్టికలు గీశాము, పటాలు వేశాము. పోర్టికోకు ఎదురుగా కాక ప్రక్కగోడ వెంబడి పోయి మధ్యలో ఒక చదునైన మజిలీ చేసి మలుపు తిరిగితే, ఏడు మీటర్లూ పట్టడమే గాక కార్ల చోటు అంగుళం కూడా తగ్గదని సివిల్ విభాగంలోని ఒక యువ ఇంజనీరు గుర్తించాడు. రెండవ ర్యాంపు 2003లో పూర్తయింది. దానికి ప్రారంభోత్సవం జరగలేదు. తెల్లవారేసరికి జనం దాని మీద నడుస్తున్నారు. స్టేషనరీ తోపుడుబండి, నిండు నెలల సహోద్యోగిని, వైద్యబిల్లుల కోసం వచ్చే విశ్రాంత ఉద్యోగులు, మోకాళ్ల నొప్పులున్న పెద్ద అధికారులు, అందరూ అటే. మెట్లు ఖాళీగా ఉంటున్నాయని సివిల్ వారే చెప్పారు.

అన్నీ ఇలా తీరలేదు. 2011లో మరొక రాష్ట్రంలోని మన కార్యాలయంలో చక్రాల కుర్చీ వాడే ఒక అమ్మాయి అధికారిగా చేరింది. పోటీ పరీక్షలో జనరల్ అభ్యర్థులను మించిన మార్కులు. ఆ భవనంలో ర్యాంపు ఉన్నది, లిఫ్టు ఉన్నది. మహిళల మరుగుదొడ్డి తలుపు వెడల్పు 60 సెంటీమీటర్లు. చక్రాల కుర్చీకి 90 కావాలి, లోపల తిరగడానికి మీటరున్నర వృత్తం కావాలి. వికలాంగుల కోసమని నేల అంతస్తులో వేరే గది ఒకటి కట్టారు. అందులో చీపుళ్లు, ఫినాయిలు డబ్బాలు, విరిగిన కుర్చీలు. తాళం కేర్‌టేకర్ దగ్గర, కేర్‌టేకర్ ఎక్కడో. ఆ అమ్మాయి ఉదయం ఇంటి దగ్గర నుండి సాయంత్రం ఇంటికి చేరేదాకా నీళ్లు త్రాగడం మానుకున్నది. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? ఆ కార్యాలయంలో ఫిర్యాదు తీసుకోవలసిన వారందరూ మగవారు. రెండవ సంవత్సరంలో మూత్రపిండాల ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రి పాలైనప్పుడు గాని సంగతి బయటపడలేదు.

మాకు ఆమె తల్లిగారు ఫోను చేశారు. మూడు నోట్లు వెళ్లాయి. "నిధుల లభ్యతను బట్టి పరిశీలించబడును" అని మూడింటి మీదా ఒకే వాక్యం. నిజానికి ఆ వాక్యానికి చట్టంలోనే ఆధారం ఉండేది. 1995 నాటి చట్టంలోని 46వ సెక్షన్ ర్యాంపులు, అనువైన మరుగుదొడ్లు, లిఫ్టులలో బ్రెయిలీ గుర్తులు అన్నీ చెప్పి, వాటికి ముందు "ఆర్థిక సామర్థ్యపు పరిమితులకు లోబడి" అనే అర్థం వచ్చే మాటలు చేర్చింది. ఆ నాలుగు మాటలలో ఎన్ని ఫైళ్లు నిద్రపోయాయో! తలుపు వెడల్పు చేసేలోగానే ఆ అమ్మాయి రాజీనామా చేసింది. తలుపు ఆ తరువాత ఆరు నెలలకు వెడల్పయింది. ఇప్పుడు ఆమె వేరొక ఊళ్లో కళాశాల అధ్యాపకురాలు. సంక్రాంతికి శుభాకాంక్షలు పంపుతుంది. ఉద్యోగం ఊసు ఎత్తదు, మేమూ ఎత్తము.

2014 మార్చి 31న కేంద్ర సిబ్బంది శాఖ వికలాంగ ఉద్యోగులకు కల్పించవలసిన సౌకర్యాలపై ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఆ యేడే మమ్మల్ని లయజన్ ఆఫీసరుగా నియమించారు. 2016 నాటి కొత్త చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. వైకల్యాల జాబితా 21కి పెరిగింది, రిజర్వేషను 4 శాతమైంది. తొలగించరాదనే పాత 47వ సెక్షన్ సారం కొత్త చట్టంలో 20వ సెక్షన్‌లో కొనసాగింది. ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలని 23వ సెక్షన్ చెబుతున్నది. మన సంస్థలో ఆ బాధ్యతను ఒక మహిళా అధికారికి ఇవ్వాలని మేము పట్టుబట్టి ఇప్పించాము. కారణం పైపేరాలో ఉన్నది.

వినికిడి లేనివారి సంగతి ర్యాంపుల సందడిలో మరుగునపడుతుంది. 2005లో కర్మాగారంలో అగ్నిప్రమాద విన్యాసం జరిగింది. సైరను మ్రోగింది, అందరూ మైదానంలో చేరారు, లెక్కిస్తే ఒకరు తక్కువ. ఫ్యాబ్రికేషన్ షాపులో ఒక వెల్డరు ముఖానికి తొడుగు వేసుకొని ప్రశాంతంగా పని చేసుకుంటున్నాడు. పుట్టుకతో వినబడదు. అది విన్యాసం కాక నిజమైన మంట అయి ఉంటే? తిరిగే ఎర్రదీపం పెడదామన్నారు. అతడు కాగితం మీద వ్రాసి చూపించాడు: "తొడుగులో నుండి దీపం కనబడదు. సైరనుతో పాటు వెల్డింగు కరెంటు ఆపండి. ఆర్క్ ఆరిపోతే నాకు తెలుస్తుంది." అంత సులువైన ఉపాయం మాలో ఒక్కరికీ తట్టలేదు. ఎలక్ట్రికల్ వారు వారంలో అమర్చారు. డిసెంబరు 3న అధికారుల కళ్లకు పది నిమిషాలు గంతలు కట్టి "అంధుల అనుభవం" చూపించే వేడుకలంటే మాకు మొదటి నుండి గిట్టదు. పది నిమిషాల గంతల కంటె ఆ వెల్డరు కాగితం ముక్క మేలు. అందుకనే 2018లో భవనాల తనిఖీ జరిపినప్పుడు బయటి సలహాదారుల వెంట మన ఉద్యోగులనే నడిపించాము. చక్రాల కుర్చీ వాడేవారు తలుపులు చూశారు, చూపులేనివారు నేల మీది స్పర్శపలకలు చూశారు. ఒక చోట ఆ పలకల బాట నేరుగా స్తంభానికి పోయి ఆగింది.

ఈ పత్రికపైన కూడా మాకు ఒక ఫిర్యాదు ఉండేది. 2009లో చేరిన ఒక అంధ యువ అధికారి కంప్యూటరులో స్క్రీన్ రీడరుతో పనిచేసేవాడు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు అది. జాస్ అనేది ఖరీదైనది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధ యువకుడు మొదలుపెట్టిన ఎన్.వి.డి.ఎ. ఉచితం, తెలుగు కూడా పలుకుతుంది. ఆ కుర్రవాడికి గృహపత్రిక కంప్యూటరు ప్రతి పంపితే, "సార్, మన పత్రిక ఏ భాషలో వస్తున్నది?" అని అడిగాడు. ఆనాటి డి.టి.పి. ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల బొమ్మలు పెట్టుకున్నవి. కంటికి తెలుగు, యంత్రానికి అర్థంలేని ఇంగ్లీషు. యూనికోడ్‌లో ఉంటేనే యంత్రం తెలుగును తెలుగుగా గుర్తిస్తుంది. సర్క్యులర్ల సంగతి మరీ విచిత్రం. కంప్యూటరులో టైపు చేసి, అచ్చు తీసి, సంతకం పెట్టి, మళ్లీ స్కాన్ చేసి పంపుతారు. ఆ స్కాన్ యంత్రానికి వట్టి ఛాయాచిత్రం. "కాగితం కంప్యూటరులో పుట్టి, ప్రింటరులో చచ్చి, స్కానరులో దయ్యమై తిరుగుతున్నది సార్" అనేవాడు. సంపాదకవర్గం వారు 2015 నుండి పత్రికను యూనికోడ్‌లోకి మార్చినందుకు ఈ సందర్భంగా కృతజ్ఞతలు. సర్క్యులర్ల దయ్యం మాత్రం ఇంకా పూర్తిగా వదలలేదు.

పేర్ల మార్పు గురించి ఒక్క మాట. మేము చేరినప్పుడు వికలాంగులము. 2015 తరువాత దివ్యాంగులమైనాము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖ పేరులో విభిన్న ప్రతిభావంతులము. పేరు మారినప్పుడల్లా సర్క్యులరు వచ్చింది. తలుపు వెడల్పు గురించి వచ్చిన సర్క్యులర్ల కంటె అవే ఎక్కువ. ఏ పేరుతో పిలిచినా పలుకుతాము.

2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో సర్వోన్నత న్యాయస్థానం ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. సుగమ్యత ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి నియమాలుగా ఉండాలని, మూడు నెలలలో వాటిని రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పు ప్రతిని ఫైలులో మొదటి పేజీగా పెట్టి, మన అనుబంధ కార్యాలయాలన్నింటి తనిఖీ పట్టికను దాని వెనుక జతపరిచాము. పట్టికలో ఎర్ర సిరాతో గుర్తించినవి ఇంకా ఉన్నాయి. రెండు అతిథిగృహాల స్నానపు గదులు, ఒక శిక్షణ కేంద్రం వేదిక, సంస్థ వెబ్‌సైటులోని టెండర్ల పేజీ. వక్తలలో చక్రాల కుర్చీవారు ఉండరని ఆ వేదిక కట్టినవారు నిశ్చయించుకున్నారు కాబోలు. మా స్థానంలోకి వచ్చే సోదరికి ఆ ఫైలు ఇప్పటికే చూపించాము. ఆమె మొదటి రోజే వేదిక ఎత్తు కొలిచి వచ్చారు.

ఈ లోగా కొత్త అనుబంధ భవనం లిఫ్టులో బ్రెయిలీ పలకలు బిగించారు. మొన్న తనిఖీకి వెళ్లి వ్రేలితో తడిమి చూస్తే మాకు అనుమానం వచ్చింది. మూడవ అంతస్తు పలక తలక్రిందులుగా ఉన్నట్లు తోచింది. మాకు వచ్చిన బ్రెయిలీ కొద్దిపాటిది, రూఢిగా చెప్పలేము. గుత్తేదారు గారు "అంతా సరిగానే ఉన్నది, బిల్లు పాస్ చేయండి" అంటున్నారు. బిల్లు ఆపి, మన పాత టెలిఫోను ఆపరేటరు గారికి ఫోను చేశాము. ఆయనకిప్పుడు 74 యేళ్లు. "వేళ్లు ఇంకా పనిచేస్తున్నాయి, వచ్చి చూస్తాను" అన్నారు. గురువారం ఉదయం కొడుకు కారులో తీసుకొస్తాడు. గేటు పాసు వ్రాయించి ఉంచాము.